ముందు వాకిట్లో దండెం

ఫ్వాసేన్ మరదలి లుంగీలను రెండు వేళ్ళ కొసలతో ఎత్తి సంచిలో పడేస్తోంది. చచ్చిన ఎలకను తోక పట్టి బయట పారేసేవాళ్ళు కూడా ఇంతకంటే మర్యాదగా పట్టుకుంటారు.

"ఆరు లుంగీలేనా?" అంది.

"ఆరే వదినా," అంది ఓన్‌ఖిన్, చాప మీద ఒత్తిగిలి పడుకునే.

"రోజుకి రెండు తడుపుతున్నావు కదమ్మా. మాండలే వెళ్ళి నేను చాకిరేవు పెట్టుకోవాలా ఏమిటి?"

నేల మీద రెండు సంచులున్నాయి. పెద్దది ఫ్వాసేన్‌ది. అందులో ఆవిడ పట్టు లుంగీ, లేసు రవిక, మొహానికి అరగదీసుకునే గంధపు చెక్క, సాన, గుళ్ళు తిరగడానికి కొత్త చెప్పులు సర్ది ఉన్నాయి. చిన్నది రోగిది. పిండి బస్తా కత్తిరించి కుట్టింది. దాని మీద కోడిపుంజు బొమ్మ సగం వెలిసిపోయి, ఒక కాలు, తోక మాత్రం మిగిలాయి.

"ఈ చిన్నది లారీలో నా కాళ్ళ కింద పెట్టుకుంటాను," అంది ఫ్వాసేన్. "పైన వేశారంటే ఆడదాని లుంగీలు మగవాళ్ళ నెత్తిన ఊగుతాయి. డ్రైవరు దారిలోనే దింపేస్తాడు మనల్ని. ఇలాంటివన్నీ నేనే చూసుకోవాలి. నా తమ్ముడికి ఏం తెలుసు?"

తమ్ముడు ఫోలాట్ గడపలో కూర్చుని గీతకత్తి నూరుకుంటున్నాడు. పొద్దుటినుంచీ అదే కత్తి. పందొమ్మిదేళ్ళుగా ఓన్‌ఖిన్ ఈ చప్పుడు వింటోంది. అక్క ఇంట్లో ఉన్నంతసేపూ అతని కత్తికి పదును చాలదు. నలభై అడుగుల తాటిచెట్టు మీంచి దూకమంటే దూకుతాడేమో గాని, అక్క మాటకు అడ్డు చెప్పమంటే చెప్పడు. చెట్టు మీద మగాడు, నేల మీద పిల్లి. ఓన్‌ఖిన్ ఈ మాట అతని మొహం మీదే చాలాసార్లు అంది. అతను నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మాండలే పెద్దాసుపత్రిలో ఆమెకు మంచం ఇస్తారు. గురువారం తెల్లవారుతూనే లారీ. శుక్రవారం వెళ్ళకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, మళ్ళీ వంతు వానాకాలం వెళ్ళాకే. "వానలు వెళ్ళేదాకా ఆగావంటే ఇక రానక్కర్లేదు," అని చెప్పింది పట్నంలో చూసిన డాక్టరమ్మ. గర్భసంచి ముఖం దగ్గర పుండు అని కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. తోడు ఒక మనిషి ఉండి తీరాలంది. వండి పెట్టాలి, ఉతికి పెట్టాలి. ఆసుపత్రివాళ్ళు ఆ రెండూ చెయ్యరు.

ఆ తోడు ఫ్వాసేన్. ఈ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. తను ఎంత పుణ్యం చేయబోతోందో ఆవిడే ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చింది.

*

మంగళవారం పొద్దున చూడటానికి జనం వచ్చారు. నలుగురు ముసలమ్మలు, నాలుగు అరటి అత్తాలు. ఓన్‌ఖిన్ అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. రోగమని చాప మీద పడుకుంటే తాటిరసం ఆగుతుందా? కసోన్ నెల నడివేసవి ఎండకి రసం గంట నిలవుంటే పులుస్తుంది. ఫోలాట్ దింపిన కుండలన్నీ వడగట్టి మూడు కళాయిల్లో పోసి, మట్టలు ఎగదోస్తూ ఒక్కో కళాయినీ గరిటెతో తిప్పుతోంది. నురగ పొంగినప్పుడల్లా ఆముదపు గింజ నలిపి చిటికెడు వేస్తే అణిగిపోతుంది. మూడో కళాయి ముదిరింది. గరిటె ఎత్తితే పాకం తీగ సాగుతోంది.

"అయ్యో, ఇంకా పని చేస్తున్నావా తల్లీ!" అన్నారు నలుగురూ. ఒక్కరూ గరిటె అందుకోలేదు.

"కిందటి జన్మలో ఎవరి కడుపు మండించావో," అంది ఒకామె జాలిగా. "లేకపోతే పిల్లలు లేని కడుపుకి ఈ రోగం ఏమిటి?"

"మీ నాలుక ఇంత బాగా ఆడుతోందంటే కిందటి జన్మలో మీరు మూగవాళ్ళకి అన్నం పెట్టి ఉంటారు పిన్నీ," అంది ఓన్‌ఖిన్.

ముసలామెకు అది పొగడ్తో తిట్టో తేలలేదు. తేల్చుకునే లోపల పక్కామె, ఎర్రరంగు వేర్ల కషాయం తాగితే చెడు రక్తమంతా కడుక్కుపోతుందని చెప్పింది. ఎంత పోతే అంత మంచిదట. ఆమె మేనకోడలికి అలాగే పోయిందట.

"ఇప్పుడెలా ఉంది మేనకోడలు?"

"పోయింది కదమ్మా! రక్తం పోయాక మొహం మాత్రం ఎంత తేటగా ఉందనుకున్నావు!"

ఓన్‌ఖిన్ పాకాన్ని పళ్ళెంలోకి దించి, అరచేతులు నూనెతో తడిచేసుకుని ఉండలు చుట్టడం మొదలుపెట్టింది. పాకం చల్లారితే రాయి అవుతుంది, వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాసేపట్లోనే పని అయిపోవాలి. ఇరవై ఉండలయ్యాయి. ఇరవై ఒకటో ఉండ చేతిలో ఉండగా నడుములో ఏదో తెగినట్టయింది. పీట మీంచి లేవబోయింది. పీట తడిగా ఉంది. లేవకుండా అలాగే కూర్చుండిపోయింది.

ముసలమ్మలు చూశారు. అరటి అత్తాలు అక్కడే వదిలేసి, పమిట సర్దుకున్నట్టు పైగుడ్డలు సర్దుకుంటూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఫ్వాసేన్‌ను పిలిచారు, అంత మేలు చేశారు.

ఫ్వాసేన్ వచ్చింది. ఆమెను లేపి, పీటను చూసింది. లుంగీని చూసింది. ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోవడంతోనే, ఆవిడ ఇక మాండలే రాదని ఓన్‌ఖిన్‌కు అర్థమైంది. ఆవిడ ఒక కర్ర తెచ్చి, ఆ లుంగీని దానికి తగిలించి, ఇంటి వెనక ఆడవాళ్ళ తొట్టి దగ్గర వదిలింది. ఉతకలేదు. చేతులు మూడుసార్లు కడుక్కుంది.

సాయంకాలం మళ్ళీ వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"ఒరే తమ్ముడూ, నా నడుం పట్టేసిందిరా. ఎనిమిది గంటలు లారీలో కూర్చోలేను. వానలు వెళ్ళాక వెళ్దాం. అప్పటికి నేను తేరుకుంటాను, మరదలూ కొంచెం తేరుకుంటుంది."

"డాక్టరమ్మ శుక్రవారం అంది అక్కా," అన్నాడు ఫోలాట్.

"డాక్టరమ్మ అంటే అయిపోయిందా? డాక్టరమ్మ వచ్చి ఉతుకుతుందా? పోనీ నువ్వు ఉతుకుతావా?"

ఆవిడ నవ్వింది, అంత అసంభవమైన మాట అని. ఫోలాట్ తల వంచుకున్నాడు. ఫ్వాసేన్ లోపలికి వచ్చి, పెద్ద సంచి ఎత్తుకుని, పట్టేసిన నడుముతోనే చకచకా నడిచి వెళ్ళిపోయింది.

ఓన్‌ఖిన్ చిన్న సంచి దగ్గరికి లాక్కుంది. ఒక్కొక్క లుంగీ తీసి చాప పక్కన పేర్చింది.

"ఏం చేస్తున్నావు?"

"కనిపించడం లేదా? దింపుతున్నాను. ఆడమనిషి తోడు లేకుండా ఎలా వెళ్ళను? నువ్వు వచ్చి నా మంచం పక్కన కత్తి నూరుకుంటూ కూర్చుంటావా?"

ఫోలాట్ ఆ లుంగీల కుప్పకేసి చూశాడు. చాప అంచు ఎత్తి చూశాడు. దాని కింద పాత గుడ్డలు, ఉతికి మడిచినవి, తడి పూర్తిగా ఆరనివి పరిచి ఉన్నాయి. ముక్కవాసన కొడుతున్నాయి. ఆమె చాప అంచు అతని చేతిలోంచి లాగేసింది.

"ఎన్నాళ్ళనుంచి ఇవి ఇక్కడ?"

"నీకెందుకు? ఆడవాళ్ళ సంగతి."

"ఎన్నాళ్ళనుంచే?"

"కిందటి వేసవి నుంచి," అంది. "ఎండలో వేస్తే అందరూ లెక్కపెడతారు. ముట్టుకోకు వాటిని. రేపు చెట్టెక్కాలి నువ్వు."

*

బుధవారం తెల్లారింది. ఫోలాట్ కుండలు తీసుకోలేదు. ఓన్‌ఖిన్ కళ్ళు తెరిచేసరికి చాప పక్కన లుంగీలు లేవు. చాప కింద గుడ్డలు లేవు. వెనక తొట్టిలో నిన్నటిది కూడా లేదు.

కంచె పట్టుకుని బయటికి వచ్చి చూసింది. ఎదురుగానే ఊరి నడుమ గొట్టపుబావి, దాని చుట్టూ సిమెంటు గట్టు. ఎగువ వైపు మగవాళ్ళు స్నానం చేస్తారు, దిగువన ఆడవాళ్ళు బట్టలుతుకుతారు. ఆ వేళకి చెట్లు దిగి వచ్చిన గీతగాళ్ళందరూ అక్కడే ఉంటారు. దిగువ గట్టున, ఆడవాళ్ళు పక్కకి జరిగి ఖాళీ చేసిన చోట, ఆమె మొగుడు గొంతుక్కూర్చుని ఆమె లుంగీ రుద్దుతున్నాడు.

నీళ్ళు ఎర్రగా కాలవలోకి పోతున్నాయి. ఒంటి మీద నీళ్ళు పోసుకుంటున్న చేతులు అలాగే ఆగిపోయాయి. తాటితోపు యజమాని బోచాన్ తల మీద సబ్బునురగతోనే దగ్గరికి వచ్చాడు. పొట్ట మీద పులి, వీపు మీద మంత్రాలు పచ్చబొట్లు పొడిపించుకున్న మనిషి. ఆ పులి ఇప్పుడు పొట్టతో పాటు జారి కప్పలా తయారైంది.

"ఒరే లాట్! ఏమిట్రా అది?"

"లుంగీ."

"ఎవరిది?"

"నా పెళ్ళానిది."

"నీ ఇంట్లో ఆడది లేదట్రా?"

"ఉంది. దానికే ఒంట్లో బాగాలేదు. అందుకే నేను ఉతుకుతున్నాను."

ఎవడో కిసుక్కుమన్నాడు. బోచాన్ నవ్వలేదు. "ఒరే, మగవాడి తేజస్సు కుడిభుజం మీద ఉంటుంది, ఆడదాని లుంగీ తగిలితే పోతుంది. దాన్ని చేతులారా కాలవలో కలుపుకుంటున్నావు. ఇవాళ నా చెట్టెక్కావంటే పడతావు. నువ్వు పడితే నా నిచ్చెనలకి మైల. పద్దెనిమిది చెట్లూ ఖాళీ చెయ్యి."

ఫోలాట్ లుంగీని మోకు పేనినట్టు మెలితిప్పి పిండాడు. అలా పిండితే గుడ్డ చిరుగుతుందని కంచె దగ్గర ఓన్‌ఖిన్‌కు తెలుసు. అంచులు వదిలేశాడనీ, కాచి పట్టుకెళ్ళిన వేడినీళ్ళు పోసి మరకని ఇంకా గట్టిపరిచాడనీ తెలుసు. ఇన్ని తప్పులు చేస్తున్నవాణ్ణి ఒక్క తప్పుకే అందరూ తిడుతున్నారు. ఆమెకు సిగ్గుతో మొహం కాలిపోయింది. ఈ దద్దమ్మకి ఊరంతా చూస్తుండగానే బుద్ధి పుట్టాలా! ఉతికితే ఉతికాడు, ఎవరూ లేని వేళ చూసుకుని వెనక తొట్టిలో ఉతకకూడదూ!

అతను బుట్ట ఎత్తుకుని ఇంటికి వచ్చాడు. బుట్ట కుడిభుజం మీద ఉంది. వెనక్కి వెళ్ళలేదు. ఆడవాళ్ళ బట్టల దండెం ఇంటి వెనక, నడుమెత్తున, మగవాడు నడవని చోట ఉంటుంది. ఫోలాట్ చూరు నుంచి ముందు గుంజకి, తలకి పైన, కొత్తగా మోకు కట్టి ఆ లుంగీలన్నీ వరసగా ఆరేశాడు. పాత గుడ్డలు కూడా.

"మతి పోయిందా నీకు? తియ్యి!" అంది ఓన్‌ఖిన్.

"ఎండలో ఆరాలి. వాసన వేస్తున్నాయి."

దండెం కింద నుంచి లోపలికి వెళ్ళి కత్తి తెచ్చాడు. మళ్ళీ దాని కింద నుంచే వెళ్ళి కుండలు తెచ్చాడు. తల వంచలేదు. నీలం లుంగీ నుంచి నీళ్ళు అతని కుడిభుజం మీద బొట్లు బొట్లుగా పడ్డాయి. తుడుచుకోలేదు.

అప్పటికే జనం తోవలో గుమిగూడారు. ఆ పద్దెనిమిదిలో ఒకటి, ఇంటి పక్క తాటిచెట్టు చుట్టూ నలభై మంది ఉంటారు. నిన్న వచ్చిన ముసలమ్మలు నలుగురూ ముందు వరసలో నిలబడ్డారు. మనిషి పడటం చూడ్డానికి వచ్చినవాళ్ళే అందరూ. పడితే పట్టుకోవడానికి గాని, కింద గడ్డి పరవడానికి గాని వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఫ్వాసేన్ కూడా వచ్చింది, నడుము ఇంకా పట్టేసి ఉన్నట్టు చేతితో పట్టుకుని.

"ఒరే తమ్ముడూ, ఎక్కకురా! దాని కోసం చస్తావా?"

ఫోలాట్ నడుముకి కుండలు కట్టుకున్నాడు. నిచ్చెన మీద కాలు పెట్టాడు.

ఓన్‌ఖిన్ జనాన్ని తోసుకుని చెట్టు మొదలు దగ్గరికి వెళ్ళింది. ఎవరినైనా తిట్టగలదు, ఎవరి మాటకైనా మాట అనగలదు. కాని తన మొగుడు ఇవాళ పడతాడని ఆ నలభై మందికంటే గట్టిగా నమ్మింది ఆమే. ఏడాదిగా తడి గుడ్డలు చాప కింద దాచింది ఎందుకు? అతను రోజుకి రెండుసార్లు పద్దెనిమిది చెట్లు ఎక్కుతాడని, అవి తగిలితే పడతాడని.

"దిగు," అంది. "నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు. నేను వెళ్ళను మాండలే. నాకేం వద్దు."

అతను రెండో మెట్టు, మూడో మెట్టు ఎక్కాడు. నాలుగో మెట్టు మీద ఆగాడు. పిక్క కండ ఎగిరెగిరి పడుతోంది. పందొమ్మిదేళ్ళుగా రోజూ కింద నుంచి చూసిన ఆ కాళ్ళు వణకడం ఆమె ఎన్నడూ చూడలేదు. జనంలో ఎవడో "అదుగో" అన్నాడు, మెల్లగా, ఆశగా.

కాలు ఐదో మెట్టు మీదికి వెళ్ళింది.

తరవాత ఎప్పటిలాగే ఎక్కాడు. మట్టల మధ్య దూరి కూర్చుని, నిండిన కుండలు విప్పి, గెలల కొసలు పలచగా కోసి, కొత్త కుండలు తగిలించాడు. తొందరపడలేదు. ఎండ తోవంతా పరుచుకుంది. జనానికి మెడలు నొప్పెట్టాయి. ఒక ముసలమ్మ తన పొయ్యి మీద చారు ఉందని గుర్తు తెచ్చుకుంది. బోచాన్ కూడా అక్కడే ఉన్నాడు; తల మీది నురగ కారి ఎండిపోయి మొహమంతా తెల్లగా పొలుసులు కట్టింది. ఫోలాట్ దిగేసరికి పదిమంది కూడా లేరు. కాలు నేలకి ఆనినప్పుడు మిగిలినవాళ్ళు, అతను ఏదో బాకీ ఎగ్గొట్టినట్టు చూసి వెళ్ళిపోయారు.

అతను ఒక కుండ వంచి కొబ్బరిచిప్పలో రసం పోసి ఆమెకిచ్చాడు. "తాగు. తియ్యగా ఉంది."

ఆమె చిప్ప అందుకుంది. "నువ్వు నమ్మవా అదంతా?"

"నమ్ముతాను."

"మరి?"

"నాలుగో మెట్టు మీద కాళ్ళు ఆడలేదు. కిందికి చూస్తే నువ్వు సరిగ్గా నా కిందే నిలబడ్డావు. పక్కకి జరగవే, పడితే నీ మీద పడతాను అందామనుకున్నాను. నోరు పెగల్లేదు. ఇక పైకెక్కక ఏం చెయ్యను?"

ఓన్‌ఖిన్ అతని మొహంలోకి చూసింది. అదే వెర్రినవ్వు. పందొమ్మిదేళ్ళుగా దాన్ని పిరికితనం అనుకుని అసహ్యించుకుంది. ఏడాదిగా దాచి దాచి, దాచవలసిన అవసరం లేని ఒకే ఒక్క మనిషి దగ్గర దాచింది.

"వేడినీళ్ళు పోశావెందుకు?" అంది. "రక్తానికి చన్నీళ్ళు పొయ్యాలి. అంచులు అసలు రుద్దనే లేదు. ఉప్పు వేశావా?"

"లేదు. ఉప్పు వెయ్యాలా?"

"సరిగ్గా మోకు పిండినట్టు పిండావు. గుడ్డ బతుకుతుందా?"

"నేర్పు మరి. రేపటిదాకా టైముంది."

మధ్యాహ్నం ఎండలో ఆమె గడపలో కూర్చుంది. అతను ముందు వాకిట్లో తొట్టి పెట్టుకుని, నీలం లుంగీ తీసి మళ్ళీ తడిపాడు. చన్నీళ్ళు. చిటికెడు ఉప్పు. మరక దగ్గర బొటనవేలితో కాదు, గుడ్డని గుడ్డతోనే రుద్దాలి. కొస నుంచి కొసకి, మెలి పెట్టకుండా, అరచేతులతో అదిమి పిండాలి. మూడోసారికి వచ్చింది. తోవన పోయేవాళ్ళు మొహం తిప్పుకుని పోయారు. ఆ తోవ అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎన్నడూ ఎరగదు. ప్రాణానికి హాయిగా ఉంది.

*

గురువారం ఒకటే సంచి, కోడిపుంజు కాలూ తోకా ఉన్నది. ఆమె ఆరు లుంగీల మధ్య అతని రెండు లుంగీలు, చొక్కా, బియ్యం, వండుకునే గిన్నె, ఉప్పు మూట కలిపి సర్దారు. లారీ డ్రైవరు చెయ్యి చాచి, "ఆడవాళ్ళ సంచా? మగవాళ్ళ సంచా? ఆడవాళ్ళదైతే కిందికి," అన్నాడు.

"మాది," అన్నాడు ఫోలాట్.

"అదే, ఎవరిది?"

"మా ఇద్దరిదీనయ్యా," అని దాన్ని కుడిభుజం మీదికి ఎత్తుకుని ఎక్కాడు. లారీలో మగవాళ్ళు సర్దుకుని సర్దుకుని ఒక మూలకి చేరారు. దానివల్ల ఓన్‌ఖిన్ కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు దొరికింది.

ఫ్వాసేన్ ఏడుస్తూ వచ్చింది. ముసలమ్మలు నిన్నకాక మొన్న తెచ్చిన అరటిపళ్ళే ఇంట్లోంచి తీసుకొచ్చి లారీలో పెట్టింది.

"నేనే రావలసింది తల్లీ! ఈ పాపిష్టి నడుము..."

"వదినా," అంది ఓన్‌ఖిన్, పడుకునే. "మీ పెద్ద సంచి విప్పి ఎండలో పెట్టండి. పట్టు లుంగీకి పురుగు పడుతుంది."

లారీ కదిలింది. దుమ్ములో పోపా కొండ కాసేపు కనిపించి పోయింది. ఓన్‌ఖిన్ తల కింద సంచి, సంచి కింద అతని తొడ.

ఫోలాట్ వర్షాలు పడుతుండగా తిరిగి వచ్చాడు, అదే సంచితో. లోపల ఆరు లుంగీలు, అంచుల దాకా శుభ్రంగా ఉతికి మడిచినవి. బోచాన్‌కు పద్దెనిమిది చెట్లెక్కే మనిషి దొరక్క, మరుసటి ఏడు తనే వచ్చి పిలిచాడు. ఫోలాట్ నీలం లుంగీని ఎండకి తలపాగా చుట్టుకుని పదకొండేళ్ళు ఆ చెట్లెక్కాడు. పడలేదు. అతనికి పోవడానికి మొదటినుంచీ తేజస్సే లేదని ఊళ్ళో తేల్చుకున్నారు.

ఓన్‌ఖిన్ తిరిగి రాలేదు. వానలు ముమ్మరంగా పడే వాగాంగ్ నెలలో, పున్నమి వెళ్ళిన మూడో రోజున, మాండలేలో, పొద్దున తొమ్మిది గంటలకు పోయింది.